యూరియా లైను పద్ధతిలో ఒక స్పోర్ట్స్ కారు

నా కారు దరఖాస్తు రద్దయిందని కబురు వచ్చిన పొద్దున మా కొట్టు ముందు యూరియా లైను రోడ్డు దాకా ఉంది. వేలిముద్రల మిషను పక్కన పెట్టుకున్న ఫోను టింగుమంది, మళ్లీ టింగుమంది, అలా ఎనిమిది సార్లు మోగింది. ఎనిమిదీ రద్దులే. నేను పెట్టింది ఒక్కటంటే ఒక్క దరఖాస్తు. మిగతా ఏడూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో తెలియక ఫోను పట్టుకుని గుడ్లప్పగించి నిలబడిపోయాను. మిషను మీద బొటనవేలు ఆనించి ఎదురుచూస్తున్న రైతు, "ఏటి బావూ, సర్వరు పోనాదేటి?" అని అడిగాడు. నా తలకాయ పోయిందని చెప్పాను.

నాకెందుకంత ఒళ్లు మండిందో చెప్పాలంటే నా ఎడమ మోకాలి దగ్గర మొదలుపెట్టాలి.

మాది బొబ్బిలి పక్కన ఒక పల్లె. నేను ఇరవై ఏళ్ల కిందట బొబ్బిలి వచ్చి ఎరువుల కొట్టు పెట్టాను. అంతకుముందు మా నాన్న ధాన్యం వ్యాపారం చేసేవాడు, ఆయనకో పాత జీపు ఉండేది. నాకు పద్దెనిమిది నిండగానే ఆ జీపులో సాలూరు ఘాటు రోడ్డు ఎక్కించాడు. దాని గేరు మార్చాలంటే క్లచ్ ఒకసారి తొక్కితే చాలదు, రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను ఏమంటోందో వినాలి. మలుపు దగ్గర మూడో గేరు నుంచి రెండో గేరుకి సరిగ్గా పడితే బండి ఒక్క ఊపున పైకి లేచేది. తప్పితే కర్రుమని అరిచేది, దాంతోపాటు మా నాన్నా అరిచేవాడు. ఆ తర్వాత ఎన్నో బండ్లు నడిపాను గానీ నాకు డ్రైవింగంటే ఇప్పటికీ ఆ మలుపే. కొండ, ఎడమకాలు, ఎడమచెయ్యి, అంతే.

ఆ ఎడమకాలే ఇప్పుడు నన్ను ముంచింది. విజయనగరంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును లైటుకి పెట్టి, చిప్ప కింద గుజ్జు అరిగిపోయిందని, మహా అయితే రెండేళ్లు నెట్టుకు రావచ్చని, ఆ తర్వాత మోకాలు మార్చక తప్పదని, క్లచ్ తొక్కే బండ్ల సంగతి ఇక మరిచిపొమ్మని చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, నేను పాతికేళ్లుగా ఫొటోలు చూసి గుటకలు మింగుతున్న ఒక విదేశీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ, క్లచ్ ఉన్న కార్లు ఇవే ఆఖరని, ఇకమీదట అన్నీ ఆటోమేటిక్‌లూ కరెంటు బండ్లేనని ప్రకటించింది. ఆఖరి విడతగా మూడు రకాలు, అవీ కొద్ది బండ్లే. ఆర్డరు ఖాయమయ్యాక బండి చేతికి రావడానికి ఏడాదిన్నర పడుతుంది. అంటే ఈ విడతలో నా పేరు తగిలితే, నా కాలు పనిచేసే ఆఖరి రోజుల్లో, క్లచ్ ఉన్న ఆఖరి కారులో సాలూరు ఘాటు ఎక్కుతాను. తగలకపోతే ఈ జన్మకి లేదు. డబ్బెక్కడిదని మాత్రం అడగొద్దు. హైవే పక్కన స్థలమొకటి ఉండేది, ఇప్పుడు లేదు.

ఆ మూడు రకాలనీ పోల్చి తేల్చుకోవడానికి నాకు ఒక దాళ్వా సీజను మొత్తం పట్టింది. మొదటిది పందేల బాపతు. వెనక బల్లంత రెక్క, ముందు నేలకి ఆనిపోయే మూతి. బరువు తగ్గించడానికి వెనక సీట్లు పీకేశారు, తలుపు లోపలి పిడి కూడా పీకేసి బదులుగా గుడ్డపట్టీ కుట్టారు. రెండోది అదే ఇంజను, అవే ఆరు గేర్లు, అవే రెండు సీట్లు, రెక్క మాత్రం లేదు. కాస్త మెత్తటి సస్పెన్షన్, పైగా ఒక బటన్ నొక్కితే ముందు భాగం బెత్తెడు పైకి లేస్తుంది. మూడోది కంపెనీ పుట్టినరోజు బాపతు. పాతకాలం రంగు, గళ్ల బట్ట సీట్లు, డాష్‌బోర్డు మీద నంబరు చెక్కిన ఇత్తడి రేకు. సింగారానికేం లోటు లేదు. ఆఖరి విడతలో కలిపారే గానీ గేరు మాత్రం ఆటోమేటిక్.

నాకు కావలసింది రెండోదేనని మొదటి రోజే తెలుసు. తెలిసినా తేలదు కదా. బండి బరువు ఒకచోట డ్రైవరుతో కలిపి రాస్తారు, ఇంకోచోట డ్రైవరు లేకుండా రాస్తారు. ముందు భాగం లేపే బటన్ మన దేశానికి వచ్చే బండ్లకి ఉంటుందా, విడిగా రాయించుకోవాలా అని ఆరుసార్లు అడిగితే ఆరు జవాబులు వచ్చాయి. క్లచ్ తొక్కడానికి కాలికి ఎంత బలం కావాలని అడిగితే ఒక్కడూ చెప్పలేదు. ఇంజను గుర్రాల బలం గురించి పేజీలు పేజీలు రాసుకున్నారు, మనిషి మోకాలి బలం గురించి ఒక్క ముక్క లేదు.

నాకున్న ఇంకో భయం స్పీడు బ్రేకర్లు. మా కొట్టు నుంచి ఘాటు మొదలయ్యే దాకా అవి ఎన్నున్నాయో వేసినవాళ్లకైనా తెలియదు. అందుకని ఆ కారు కింద ఖాళీ ఎంతో, చక్రానికీ చక్రానికీ మధ్య దూరమెంతో కాగితం మీద రాసుకుని, వీణలు చేసే ఒక తెలిసినాయన దగ్గరికి వెళ్లి, ఆ కొలతలకి నాలుగు చక్రాలతో ఒక చెక్క చట్రం కట్టి పెట్టమన్నాను. పనసచెక్కని గోటితో మీటి వినే మనిషికి ఇదేం పనని ఆయన మొహం చిట్లించుకున్నాడు, అయినా కట్టిపెట్టాడు. దాన్ని ఆటోలో వేసుకుని, కనపడ్డ ప్రతి స్పీడు బ్రేకరు మీదా తాడుతో లాగి, ఎక్కడ కడుపు ఆనుతుందో రాసుకోవడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఒక్కరోజు తోడు వచ్చి, చెట్టు నీడన ఆటోలో తలకి కొంగు కప్పుకుని కూర్చుంది, మళ్లీ రాలేదు.

జనం నన్ను రోడ్లశాఖ మనిషనుకున్నారు. రెండో ఊళ్లో నలుగురు చుట్టూ చేరారు. బడి పిల్లలున్న ఊరు, బండ్లు దూసుకుపోతున్నాయి, ఇక్కడ ఇంకో రెండు వెయ్యాల్సిందేనని గట్టిగా పట్టుబట్టారు. ఒకాయన తెల్లకాగితం మీద అర్జీ రాయించి నా చేతిలో పెట్టాడు. నేను ఎవరినో, దేనికి కొలుస్తున్నానో చెబితే ఎవరూ నమ్మలేదు. చెప్పుకుంటే నాకే నమ్మేలా లేదు. ఆ అర్జీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎక్కడ ఇవ్వాలో తెలియదు.

ఇంత చేసి విశాఖలో షోరూముకి వెళ్తే, అక్కడ ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఉండదట కూడా. అద్దాల గదిలో మామూలు రకం ఒకటి పెట్టారు, అదీ ఆటోమేటిక్. చూడని కారు, కూర్చోని కారు, తొక్కని క్లచ్, దానికి నేను ఆర్డరు పెట్టాలి. అక్కడి సేల్స్ ఆయన మంచివాడే, నీళ్లిచ్చాడు, కాఫీ ఇచ్చాడు. నా నడక చూసి, సార్, మీకు పుట్టినరోజు ఎడిషన్ అయితే హాయిగా ఉంటుందన్నాడు. నాకు హాయి వద్దని చెప్పాను. ముందు పేరు నమోదు చేసుకోవాలని, డబ్బేమీ కట్టక్కర్లేదని, పేర్లన్నీ పైవాళ్లు చూసి ఎవరికివ్వాలో తేలుస్తారని, తేల్చాకే ఆర్డరని అతను విడమరిచి చెప్పాడు. ఫారం నింపాను, ఆధార్ జిరాక్సు ఇచ్చాను. నేను ఊరు వదిలి ఇరవై ఏళ్లయినా ఆధార్‌లో పల్లె అడ్రసే ఉంది, మార్చుకోవాలని ఎప్పుడూ తోచలేదు. దేశం మొత్తానికి గుప్పెడు బండ్లు వస్తాయని, తగిలితే అదృష్టమేనని అతను లిఫ్టు దాకా వచ్చి చెప్పాడు.

నేను చేసిన తప్పల్లా ఈ మాట మా బావతో అనడం. మా అక్క భర్త ఆయన. నెల్లిమర్లలో జనపనార మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, చేతినిండా ఖాళీ. నా మోకాలి సంగతి, ఘాటు సంగతి, ఈ కారు సంగతి ఆయనకి తెలిసినంత మా ఆవిడకి కూడా తెలియదు. బండ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, పేరు తగలడం కష్టమని ఆయనతో వాపోయాను. ఆయన తల పంకించి, సరే సూద్దాం లే అన్నాడు. ఆ మాట వినగానే నాకు అనుమానం రావాల్సింది.

ఇక్కడ యూరియా సంగతి చెప్పాలి. మా వైపు సరుకు తక్కువైనప్పుడు ఒక ఆధార్‌కి రెండు కట్టలని నిబంధన పెడతారు. ఒక మనిషికి ఆరు కట్టలు కావాలంటే ఏం చేస్తాడు? తమ్ముణ్ణి నిలబెడతాడు, మరదల్ని నిలబెడతాడు, మంచం మీదున్న మావని ఆటోలో తెచ్చి నిలబెడతాడు. ఇందులో తప్పుందని ఎవరూ అనుకోరు. నీకు అవసరమొస్తే నా ఆధార్, నాకు అవసరమొస్తే నీ ఆధార్. కౌంటరుకి ఇవతలున్న నాకు మాత్రం అది తప్పు. ఒక ఏడు సరుకు మరీ ఎద్దడైంది. ఒకే డోరు నంబరు మీద రెండోసారి వచ్చినవాళ్ల పేర్లు రాసి పంపమని, ఒకే కుటుంబమని వాళ్లచేత ఒప్పుకోలు కాగితం రాయించుకోమని పైనుంచి ఆదేశం వచ్చింది. లైసెన్సు భయంతో నేను నిక్కచ్చిగా రాశాను. ఎంత నిక్కచ్చి అంటే మా పాలివాళ్లలో ఒకావిడ, నాకు వరసకి చిన్నమ్మ, ఆమెని కూడా కట్టలు ఇవ్వకుండా వెనక్కి పంపాను. వేలిముద్ర వెయ్యనంటే, ఆమె పేరు పక్కన 'నిరాకరించారు' అని రాసి పైకి పంపేశాను. నా కొట్లో సొంతవాళ్లకి కూడా మినహాయింపు లేదని తర్వాత నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇక ఆ ఎనిమిది రద్దుల దగ్గరికి వస్తాను. కౌంటరు మా గుమాస్తాకి అప్పగించి, గోడౌనులోకి వెళ్లి షోరూముకి ఫోను చేశాను. సేల్స్ ఆయన నీళ్లు నమిలి నమిలి సంగతి బయటపెట్టాడు. నేను వెళ్లొచ్చిన వారానికి మా బావ ఏడు ఆధార్ జిరాక్సులతో షోరూముకి వెళ్లాడు. మా తమ్ముళ్లిద్దరివి, మరదళ్లిద్దరివి, మా చిన్నాన్న కొడుకుది, ఆ వరస చిన్నమ్మది, తనది. ఏడు ఫారాలు తెచ్చుకుని, తానే ఇంగ్లీషులో నింపి, పల్లెకి వెళ్లి సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని, మళ్లీ విశాఖ వెళ్లి ఇచ్చొచ్చాడు. మధ్యలో శ్రీకూర్మం వెళ్లి ఏడింటినీ స్వామి సన్నిధిలో పెట్టించాడని తర్వాత తెలిసింది. ఫోను నంబరు అన్నింటికీ నాదే. కబురు ఎవరి పేరున తగిలినా నాకే తెలియాలి కదా.

పైవాళ్లకి అనుమానం రాక ఏం చేస్తుంది? బావది తప్ప అన్నింటికీ ఒకే ఇంటిపేరు, ఒకే డోరు నంబరు, ఎనిమిదింటికీ ఒకే ఫోను. బావ ఇచ్చిన ప్రతి ఫారం కుడి మూలనా ఒకే పసుపు మరక. కారు ఏ అవసరానికి వాడతారన్న గడిలో మా మరదలి ఫారంలో పిల్లల బడికని ఉందట. అది ఇద్దరు పట్టే కారు. చిన్నమ్మ ఫారంలో వ్యవసాయమని ఉందట. ఇదంతా చెబుతూ సేల్స్ ఆయన నవ్వు ఆపుకుంటున్నాడని ఫోనులోనే తెలిసిపోతోంది. బండ్లు పోగేసి ఎక్కువకి అమ్ముకునే ముఠా అనుకుని కంపెనీవాళ్లు ఎనిమిదీ కలిపి కొట్టేశారు. అందులో నాదీ పోయింది.

బావకి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క భర్తని అలా తిట్టకూడదు, తిట్టాను. ఆయన అంతా విని, ఏమాత్రం నొచ్చుకోకుండా, "అదేటి బామ్మరిదీ, యూరియాకి ఇలగే కదా దొరుకుతాది. ఎనిమిది పేర్లుంటే ఒకటైనా తగుల్తాదనీసి ఎట్టినాను. నీకోసమే కదా," అన్నాడు. నాకోసమే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, ఆ సంగతికే ఇంకా తిక్క రేగింది. ఆ మనిషి మీద కోపం నిలబెట్టుకోవడానికి కూడా దారి లేదు. ఫోను పెట్టేసి మళ్లీ కౌంటరు దగ్గరికి వెళ్లాను.

మర్నాడు సేల్స్ ఆయనే ఫోను చేసి ఒక దారి ఉందన్నాడు. మిగతా ఏడుగురూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టి ఇస్తే నా ఒక్కడి పేరు తిరిగి లెక్కలోకి తీసుకుంటారట. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరు దాకా గడువు. కాగితం ఎలా ఉండాలో వాళ్లే పంపారు. మేమంతా ఒకే కుటుంబం, కొనే ఉద్దేశం లేకుండా ఈ దరఖాస్తులు పెట్టాం, అది తప్పని ఒప్పుకుంటున్నాం, ఇదీ దాని సారాంశం. నా ప్రాణం లేచొచ్చింది. తెలుగులో కూడా రాయించి ప్రింటు తీయించాను.

బావ ఒక్క మాట అడక్కుండా సంతకం పెట్టాడు. తమ్ముళ్లు, చిన్నాన్న కొడుకు, చిన్న మరదలు గొణుక్కుంటూ పెట్టారు. పెద్ద మరదలు మాత్రం కాగితం రెండుసార్లు చదివి, "మంచికి పేరిత్తే మమ్మల్ని దొంగలనీసి రాయించుకుంతన్నావేటి బావా," అంది. అది కేవలం కాగితం కోసమని, అలా రాయకపోతే వాళ్లు ఒప్పుకోరని, నేను మనసులో అలా అనుకోవడం లేదని చాలాసేపు చెప్పాను. పెట్టింది గానీ నాకు టీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో నాకు టీ ఇవ్వకపోవడం అదే మొదటిసారి.

చివరికి మిగిలింది చిన్నమ్మ. మా నాన్న చిన్నాన్న కోడలు ఆమె. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఎకరన్నర మడి, దాని గట్టున నాలుగు కంది మొక్కలు, అదే ఆమె లోకం. ఒకప్పటి పెద్దింటిని మావాళ్లు గోడలు పెట్టి ఐదు వాటాలు చేసుకున్నారు. వాటాలు ఐదయ్యాయి, పొయ్యిలు ఐదయ్యాయి, డోరు నంబరు మాత్రం ఒక్కటే మిగిలింది. వెనక వాటా ఆమెది. గురువారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉలవలు చెరుగుతోంది. సంగతి చెప్పాను. కాగితంలో ఏం రాసుందో సదవమంది. చదివాను. మేమంతా ఒకే కుటుంబం అన్న దగ్గర చేట ఆగింది.

"ఇదే కాయితం కదరా నాయినా," అంది.

నాకు వెంటనే తట్టలేదు. ఏ కాయితమని అడిగాను, సిగ్గులేకుండా.

"ఆ యేడు యూరియాకి తెచ్చినావు కదా, ఒకే ఇంటోలమనీసి. నా పొయ్యి ఏరు, నా పొలం ఏరు, నానెందుకు ఏలేత్తానన్నాను. నువ్వు రాసీసినావు."

పైవాళ్లు రాయమన్నారని నోటిదాకా వచ్చింది. కంపెనీవాళ్లు రాయమన్నారని ఆ పొద్దున్నే మరదలికి చెప్పిన మాట అది. ఆమె దెప్పిపొడవడానికి అనలేదు. ఉలవల్లో రాళ్లు ఏరినంత మామూలుగా అంది. ఆ యేడు పైరు పసుపెక్కిపోనాది అని కూడా అదే గొంతుతో అంది, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ పసుపెక్కిన మడి నేను చూశాను. ఇక్కడ అబద్ధమాడి లాభం లేదు. ఆ సీజన్లో ఏదో పనిమీద ఊరికి వెళ్తే గట్టు మీద నన్ను ఆపి చూపించింది. ఆకు చేతిలోకి తీసుకుని, జింకు లోపమని చెప్పాను. కొట్టుకి వస్తే పొట్లం ఇస్తానన్నాను. వచ్చి కొనుక్కుని వెళ్లింది కూడా. జింకు తక్కువైతే ఆకు మీద తుప్పు మచ్చలు వస్తాయి. యూరియా అందకపోతే కింది ఆకు మొదలుకుని మొత్తం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్లుగా ఎరువులు అమ్ముతున్నవాణ్ణి, ఆ తేడా నాకు తెలియదా? ఆమె చేతిలోని ఆకుకి ఒక్క మచ్చ లేదు. కాకపోతే యూరియా అంటే నా పేరు వస్తుంది, జింకు అంటే రాదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా బావకి కూడా.

చిన్నమ్మ చేట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "తే, ఇప్పుడేత్తాను. నీ పని ఆగిపోకూడదు," అంది. నేను కొట్టు నుంచి తెచ్చిన ఇంకు ప్యాడు తెరిచాను. ఆమె బొటనవేలు దాని మీద ఒత్తి, నేను వేలు పెట్టి చూపించిన చోట వేసింది. సరిగ్గా పడలేదని తనే అని, పక్కన ఇంకోటి వేసింది.

శుక్రవారం పొద్దున్నుంచి ఆ కాగితం కౌంటరు సొరుగులో ఉంది. ఫొటో తీసి పంపితే చాలు, నిమిషం పని. మధ్యాహ్నం సేల్స్ ఆయన గుర్తుచేశాడు, పంపుతున్నానన్నాను. నాలుగింటికి మళ్లీ చేశాడు, లైనులో జనం ఉన్నారన్నాను. జనం లేరు, సరుకు రెండింటికే అయిపోయింది. సొరుగు తీస్తే ఆ రెండు వేలిముద్రలు పైన కనిపిస్తాయి. మోకాలు సలుపుతోంది. ఘాటు మీద ఆ మలుపు కూడా గుర్తొస్తూనే ఉంది, అదేమీ పోలేదు. ఫోను తీశాను, కాగితం బల్ల మీద సాపు చేశాను, మళ్లీ మడిచాను. ఇలా ఎన్నిసార్లో లెక్క లేదు. ఆరు దాటాక సేల్స్ ఆయన చివరిసారి చేసి, సారీ సార్ అన్నాడు. ఒక్క క్షణం ఆగి, పుట్టినరోజు ఎడిషన్‌కి ఎవరో వద్దనుకోవడంతో ఒక చోటు ఖాళీ ఉందని, ఆటోమేటిక్ కాబట్టి నా మోకాలికి కూడా మంచిదని అన్నాడు. అతని తప్పేమీ లేదు. అయినా ఫోను పెట్టేశాను.

దీన్ని మంచితనమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మంచితనమైతే మనసు తేలికపడాలి. నాకు తేలికపడలేదు. ఇప్పటికీ ఆ కారు వీడియోలు చూస్తాను. ఎవడో ఎక్కడో కొండమీద రెండో గేరుకి వేస్తాడు, నా ఎడమకాలు ఇక్కడ నేల నొక్కుతుంది, మోకాలు కలుక్కుమంటుంది. కంపెనీ మీద కోపం, బావ మీద కోపం, ఆ ఫారం మీద వ్యవసాయమని రాసిన చేతి మీద కోపం. అన్నింటికన్నా ఎక్కువ ఆ జింకు పొట్లం మీద.

మూడు వారాల తర్వాత రెండో విడత యూరియా వచ్చింది. లైను మళ్లీ రోడ్డు దాకా పాకింది. సగంలో గొడుగు వేసుకుని చిన్నమ్మ కనిపించింది. ముందుకి రమ్మని మా గుమాస్తాని పంపితే, లైనులోనే వస్తానని కబురు చేసింది. ఆమె వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. వేలు మిషను మీద పెట్టింది, మొదటిసారే పడింది. రెండు కట్టలు ఆటోలో వేయించాను. ఆమె కదల్లేదు.

"కారు ఎప్పుడొస్తాది?" అంది.

రాదన్నాను. ఎందుకు రాదంది. కాయితం పంపలేదన్నాను. వెనక లైను గొణుగుతోంది. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ అరుగు మీద కనపడని కోపం ఇప్పుడు కనపడింది.

"ఆ యేడు రాయొద్దురా అంటే రాసినావు. ఈ యేడు పంపరా అనీసి ఏలేసిత్తే పంపలేదు," అంది, గొడుగు మడుస్తూ. "నీతో ఏటి సెయ్యాల్రా నాయినా?"